చదవనివ్వాలి, నడవనివ్వకూడదు: గ్రంథాలయ కంప్యూటర్లను పెన్‌డ్రైవ్ ప్రోగ్రామ్‌ల నుంచి కాపాడుకోవడం ఎలా

పోటీ పరీక్షల నోటిఫికేషన్ వెలువడిన వారంలో జిల్లా కేంద్ర గ్రంథాలయానికి వెళ్తే కంప్యూటర్ల దగ్గర వరుస కనిపిస్తుంది. దరఖాస్తు నింపేవారు, ఫొటో సైజు తగ్గించుకునేవారు, పాత ప్రశ్నపత్రాలు దించుకునేవారు, అందరి చేతుల్లోనూ ఒక పెన్‌డ్రైవ్ ఉంటుంది. అది ఆ రోజు ఉదయమే ఏదో జిరాక్స్ షాపు కంప్యూటర్‌లో ఉండి వచ్చినదే. గ్రంథాలయంలో దాన్ని పెట్టి తెరిస్తే ‘గ్రూప్ 2’, ‘ఫొటోలు’, ‘సర్టిఫికెట్లు’ అని మూడు ఫోల్డర్లు కనిపిస్తాయి. అంతా మామూలుగానే ఉన్నట్టు అనిపిస్తుంది గానీ, ప్రతి ఫోల్డర్ బొమ్మకు ఎడమ వైపు కింది మూలన ఒక చిన్న బాణం గుర్తు ఉంటుంది.

అసలు కథ ఆ బాణంలోనే ఉంది. అవి ఫోల్డర్లు కావు, షార్ట్‌కట్‌లు. అసలు ఫోల్డర్లు ‘హిడెన్’, ‘సిస్టమ్’ అనే రెండు లక్షణాలు తగిలించుకుని అదే పెన్‌డ్రైవ్‌లో కంటికి కనబడకుండా ఉన్నాయి. షార్ట్‌కట్ మీద కుడి మీట నొక్కి ‘ప్రాపర్టీస్’లో ‘టార్గెట్’ అనే గడిని చూస్తే, అది విండోస్‌లో ఉండే, స్క్రిప్ట్‌లను అంటే ఆదేశాలు రాసి ఉన్న ఫైళ్లను నడిపే ప్రోగ్రామ్‌ను పిలిచి, పెన్‌డ్రైవ్‌లోనే దాగి ఉన్న ఒక చిన్న స్క్రిప్ట్ ఫైలు పేరును దానికి అందిస్తున్నట్టు తెలుస్తుంది. అభ్యర్థి ‘సర్టిఫికెట్లు’ మీద రెండుసార్లు నొక్కగానే స్క్రిప్ట్ నడుస్తుంది, వెంటనే అసలు ఫోల్డర్ కూడా తెరుచుకుంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఈలోగా ఆ స్క్రిప్ట్ తన ప్రతిని యూజర్ ఖాతాలోని ‘స్టార్టప్’ ఫోల్డర్‌లో వేసుకుని, ఆ తర్వాత వచ్చే ప్రతి పెన్‌డ్రైవ్‌కూ అదే పని చేస్తుంది. మన వాళ్లు దీన్ని ‘షార్ట్‌కట్ వైరస్’ అంటారు. సాయంత్రానికి ఒక్క కంప్యూటర్ ఎంత మంది పెన్‌డ్రైవ్‌లకు దాన్ని అంటిస్తుందో వరుస పొడవును బట్టి ఊహించుకోవచ్చు.

ఈ మార్గదర్శిలో చెప్పబోయే పద్ధతి విండోస్ 10, 11 ప్రో ఎడిషన్లు నడిచే గ్రంథాలయ కంప్యూటర్లకు సంబంధించినది. అన్ని కంప్యూటర్లనూ ఒకచోటి నుంచి నిర్వహించే డొమైన్ సర్వర్ లేకుండా నాలుగైదు లేదా పది విడి కంప్యూటర్లు ఉన్న చోటును దృష్టిలో పెట్టుకుని రాశాను, ఎందుకంటే మన శాఖా గ్రంథాలయాల్లో చాలా వాటి పరిస్థితి అదే.

ముందుగా తేల్చుకోవలసిన విషయం

పెన్‌డ్రైవ్‌తో ఇబ్బంది అనగానే చాలామందికి తోచే మార్గం పోర్టులను మూసేయడం. ఒక గ్రంథాలయంలో ముందు వైపు పోర్టులన్నిటికీ ప్లాస్టర్ అంటించి ఉండటం స్వయంగా చూశాను. దానివల్ల జరిగింది ఏమిటంటే, పాఠకులు వెనక వైపు ఉన్న మౌస్ తీగ పీకి ఆ పోర్టులో పెన్‌డ్రైవ్ పెట్టుకోవడం నేర్చుకున్నారు. హాల్‌టికెట్ ప్రింటు తీసుకోవడానికి, దించుకున్న పీడీఎఫ్ ఇంటికి పట్టుకెళ్లడానికి పెన్‌డ్రైవ్ తప్ప వేరే మార్గం లేని వారి కోసమే ఆ కంప్యూటర్లు ఉన్నాయి. కాబట్టి ఫైళ్లను చదవనివ్వాలి, రాయనివ్వాలి. అందులోని ప్రోగ్రామ్‌లను మాత్రం నడవనివ్వకూడదు.

అయితే పెన్‌డ్రైవ్ నుంచి నడవకుండా ఆపినంత మాత్రాన పని పూర్తి కాదు. ప్రోగ్రామ్‌ను డెస్క్‌టాప్ మీదికి కాపీ చేసుకుని అక్కడి నుంచి నడపడానికి పది సెకన్లు చాలు. అందువల్ల అసలు నియమాన్ని ఇలా పెట్టుకోవాలి: పాఠకుడు ఫైలు రాయగలిగిన ఏ చోటి నుంచీ ప్రోగ్రామ్ నడవకూడదు, ప్రోగ్రామ్‌లు నడిచే ఏ చోటా పాఠకుడు ఫైలు రాయలేకూడదు. కింద చెప్పే ప్రతి అడుగూ ఈ నియమంలోని ఏదో ఒక సగాన్ని అమలు చేయడానికే, ఏ అడుగు ఎందుకో గుర్తు రానప్పుడు దీనితో సరిచూసుకోవచ్చు.

పరీక్షా సామగ్రి

పని మొదలుపెట్టే ముందు ఒక పాత పెన్‌డ్రైవ్ తీసుకుని దాన్ని పరీక్షల కోసమే కేటాయించండి. అందులో ఇన్‌స్టాల్ చేయనవసరం లేకుండా నేరుగా నడిచే ఏదైనా నమ్మకమైన పోర్టబుల్ ప్రోగ్రామ్ ఒకటి, నోట్‌ప్యాడ్‌లో మీరే రాసుకున్న రెండు పంక్తుల బ్యాచ్ ఫైలు (కమాండ్ ప్రాంప్ట్ ఆదేశాల ఫైలు) ఒకటి, ‘నమస్కారం’ అని ఒక చిన్న పెట్టె చూపించే వీబీఎస్ స్క్రిప్ట్ ఒకటి, ఎంఎస్ఐ తరహా ఇన్‌స్టాలర్ ఒకటి, ఆ స్క్రిప్ట్‌ను పిలిచే షార్ట్‌కట్ ఒకటి పెట్టుకోండి. వీటితో పాటు ఒక పీడీఎఫ్, ఒక ఫొటో, ఒక వర్డ్ ఫైలు కూడా ఉండాలి, ఎందుకంటే ఆపవలసినవి ఆగాయా అన్నది ఎంత ముఖ్యమో, తెరవవలసినవి తెరుచుకుంటున్నాయా అన్నదీ అంతే ముఖ్యం. నిజమైన వైరస్‌ను పరీక్ష కోసం దాచుకోవలసిన అవసరం ఎంతమాత్రం లేదు.

తర్వాత ఒక్క కంప్యూటర్‌ను మాత్రమే ఎంచుకుని అన్ని అడుగులూ ముందు దాని మీద పూర్తి చేయండి. ‘సెట్టింగ్స్’లో ‘సిస్టమ్’, ‘అబౌట్’ అనే చోట అది ఏ ఎడిషనో చూడండి. విరాళంగా వచ్చిన కంప్యూటర్లలో తరచూ హోమ్ ఎడిషన్ ఉంటుంది. అందులో ఈ పద్ధతికి కావలసిన నిబంధనలు పెట్టే ‘గ్రూప్ పాలసీ ఎడిటర్’ ఉండదు కాబట్టి, ప్రో లైసెన్సు తీసుకోవడమో, చివర్లో చెప్పినట్టు లినక్స్‌కు మారడమో చేయాలి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. హార్డ్‌వేర్ అనుమతించిన చోట విండోస్ 11కు మారిన తర్వాతే ఈ పని మొదలుపెడితే రెండుసార్లు చేయనవసరం ఉండదు.

మొదటి అడుగు: ఖాతాలు

పాఠకులు వాడే ఖాతా తప్పనిసరిగా ‘స్టాండర్డ్ యూజర్’ ఖాతాగా ఉండాలి. పాఠకుడు అడ్మినిస్ట్రేటర్ ఖాతాలో కూర్చుంటే ఈ వ్యాసంలోని మిగతా అడుగులన్నీ వృథా, ఎందుకంటే మనం పెట్టిన తాళం చెవి కూడా ఆయన చేతిలోనే ఉంటుంది. ‘పాఠకుడు’ అనే పేరుతో ఒక స్టాండర్డ్ ఖాతా, నిర్వహణ కోసం గట్టి పాస్‌వర్డ్‌తో వేరే అడ్మినిస్ట్రేటర్ ఖాతా సృష్టించండి. ఆ పాస్‌వర్డ్ మానిటర్ వెనక స్టిక్కర్ మీద ఉండకూడదన్నది వేరే చెప్పాలా అనిపిస్తుంది గానీ, చెప్పవలసిన సందర్భాలు ఉన్నాయి.

స్టాండర్డ్ ఖాతాలో ఏదైనా ఇన్‌స్టాల్ చేయబోతే విండోస్ అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడిగే పెట్టెను చూపిస్తుంది. పక్కన ఉన్న సిబ్బంది మొహమాటానికి పాస్‌వర్డ్ కొట్టేసే ప్రమాదం ఉంది కాబట్టి ఆ పెట్టె రాకుండానే చేయవచ్చు. ‘లోకల్ సెక్యూరిటీ పాలసీ’ తెరిచి, ‘లోకల్ పాలసీస్’ కింద ‘సెక్యూరిటీ ఆప్షన్స్’లో, స్టాండర్డ్ యూజర్లకు ఎలివేషన్ ప్రాంప్ట్ (ఆ పెట్టె) ఎలా ఉండాలో చెప్పే యూజర్ అకౌంట్ కంట్రోల్ పాలసీని ‘ఆటోమేటికల్లీ డినై’ అని మార్చండి. ఇక అడ్మినిస్ట్రేటర్ పని ఏదైనా ఆ ఖాతాలోకి లాగిన్ అయి చేయవలసిందే.

రెండో అడుగు: విండోస్ లేవక ముందే వచ్చే ప్రమాదం

పెన్‌డ్రైవ్ నుంచి వేరే ఆపరేటింగ్ సిస్టమ్‌నే బూట్ చేస్తే విండోస్‌లో పెట్టిన ఏ నిబంధనా పనిచేయదు. విండోస్ కంటే ముందు లేచే బయోస్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, బూట్ క్రమంలో హార్డ్ డిస్క్ మాత్రమే ఉంచి, యూఎస్‌బీ బూట్‌ను ఆపేసి, సంతకం సరిపోలిన వాటినే బూట్ కానిచ్చే సెక్యూర్ బూట్ అమల్లో ఉందని చూసుకుని, సెట్టింగ్స్ మార్చడానికి పాస్‌వర్డ్ పెట్టండి. క్యాబినెట్ తెరిచి మదర్‌బోర్డు మీది బ్యాటరీ తీస్తే ఆ పాస్‌వర్డ్ చాలా డెస్క్‌టాప్‌లలో చెరిగిపోతుంది కాబట్టి, క్యాబినెట్ వెనక ఉండే కొక్కేనికి ఒక చిన్న తాళం వేస్తే మంచిది.

మూడో అడుగు: తనంతట తానే నడవడాన్ని ఆపడం

పెన్‌డ్రైవ్ పెట్టగానే అందులోని ప్రోగ్రామ్ తనంతట తాను నడిచే ‘ఆటోరన్’ సౌకర్యం ఒకప్పుడు పెద్ద శాపం. 2008 చివర్లో వచ్చిన కాన్‌ఫికర్ అనే కంప్యూటర్ పురుగు (తనంతట తాను వ్యాపించే వైరస్) వ్యాపించిన దారుల్లో ఇదొకటి. విండోస్ 7 నుంచి పెన్‌డ్రైవ్‌లకు ఆటోరన్ పనిచేయదు, 2011 ఫిబ్రవరిలో పాత విండోస్‌లకు కూడా ఆ మార్పును అప్‌డేట్ ద్వారా పంపారు. అయినా ‘ఏం చేయమంటారు’ అని అడిగే ఆటోప్లే పెట్టె ఇప్పటికీ వస్తుంది. గ్రూప్ పాలసీ ఎడిటర్‌లో ‘కంప్యూటర్ కాన్ఫిగరేషన్’, ‘అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్’, ‘విండోస్ కాంపొనెంట్స్’, ‘ఆటోప్లే పాలసీస్’ వరకు వెళ్లి ‘టర్న్ ఆఫ్ ఆటోప్లే’ను అన్ని డ్రైవ్‌లకూ వర్తింపజేయండి.

పనిలో పనిగా పాఠకుడి ఖాతాలో ఫైలు పేర్ల చివరి భాగం కనిపించేలా చేయండి. విండోస్ మామూలుగా తెలిసిన ఎక్స్‌టెన్షన్లను దాచిపెడుతుంది; దానివల్ల ‘హాల్‌టికెట్.పీడీఎఫ్.ఈఎక్స్ఈ’ అనే ఫైలు తెర మీద ‘హాల్‌టికెట్.పీడీఎఫ్’ అనే కనిపిస్తుంది, బొమ్మ కూడా పీడీఎఫ్‌దే పెట్టి ఉంటుంది.

నాలుగో అడుగు: పెన్‌డ్రైవ్‌కు ‘ఎగ్జిక్యూట్’ అనుమతి తీసివేయడం

ఇది ఐదు నిమిషాల పని. గ్రూప్ పాలసీ ఎడిటర్‌లో ‘కంప్యూటర్ కాన్ఫిగరేషన్’, ‘అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్’, ‘సిస్టమ్’, ‘రిమూవబుల్ స్టోరేజ్ యాక్సెస్’ అనే చోట ‘రిమూవబుల్ డిస్క్స్: డినై ఎగ్జిక్యూట్ యాక్సెస్’ అనే పాలసీ ఉంటుంది. దాన్ని ‘ఎనేబుల్’ చేసి కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయండి. దాని పక్కనే చదవడాన్ని, రాయడాన్ని ఆపే పాలసీలు కూడా ఉంటాయి, వాటిని ముట్టుకోకండి. పరీక్షా పెన్‌డ్రైవ్ పెట్టి చూస్తే పీడీఎఫ్ తెరుచుకుంటుంది, పోర్టబుల్ ప్రోగ్రామ్ మాత్రం అనుమతి లేదని ఆగిపోతుంది.

ఈ నిబంధన అడ్మినిస్ట్రేటర్‌కు కూడా వర్తిస్తుంది కాబట్టి, సిబ్బంది పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన ప్రింటర్ డ్రైవర్‌ను ముందు హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకుని అక్కడి నుంచి ఇన్‌స్టాల్ చేయాలి. చాలా మంది ఇక్కడితో పని అయిపోయిందనుకుంటారు, కానీ ఇది ఆపనివి మూడు ఉన్నాయి. డెస్క్‌టాప్ మీదికి కాపీ చేసిన ప్రోగ్రామ్‌ను ఇది పట్టించుకోదు. స్క్రిప్ట్‌ను నడిపేది విండోస్‌లోని ప్రోగ్రామే గనుక, పెన్‌డ్రైవ్‌లోని స్క్రిప్ట్ దానికి కేవలం చదువుకునే ఫైలే. మొదట్లో చెప్పిన షార్ట్‌కట్ వైరస్‌ను ఆపడానికి ఈ ఒక్క పాలసీని నమ్ముకోలేం. ఇక బయటి హార్డ్ డిస్క్‌లు, కేబుల్‌తో తగిలించిన ఫోన్లు పెన్‌డ్రైవ్‌ల లాగే ప్రవర్తిస్తాయని అనుకోకుండా వాటిని విడిగా పరీక్షించాలి. ఈ మూడింటికీ సమాధానం తర్వాతి అడుగులో ఉంది.

ఐదో అడుగు: యాప్‌లాకర్

విండోస్‌లోనే ఉండే యాప్‌లాకర్ అనే ఏర్పాటు ఈ మార్గదర్శికి ఆయువుపట్టు, సమయం కూడా దీనికే ఎక్కువ పడుతుంది. పేరున్న ప్రతి చెడ్డ ప్రోగ్రామ్‌నూ వెతికి ఆపడం యాంటీవైరస్ పద్ధతి. అనుమతించిన చోట్ల ఉన్నవి తప్ప ఏదీ నడవకూడదనడం యాప్‌లాకర్ పద్ధతి. 2009లో విండోస్ 7తో వచ్చినప్పుడు ఇది ఎంటర్‌ప్రైజ్, అల్టిమేట్ ఎడిషన్లకే పరిమితం. ఇప్పుడు విండోస్ 11లోనూ, తగిన అప్‌డేట్లు పడిన విండోస్ 10లోనూ ప్రో ఎడిషన్‌లో కూడా అమలవుతుంది. దీనికి ముందు విండోస్ ఎక్స్‌పీ కాలం నుంచి ఉన్న ‘సాఫ్ట్‌వేర్ రిస్ట్రిక్షన్ పాలసీస్’ గురించిన పాత సలహాలు ఇంకా చాలా చోట్ల కనిపిస్తాయి, కానీ మైక్రోసాఫ్ట్ దాన్ని వదిలేసి చాలా కాలమైంది కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవారు దాని జోలికి వెళ్లనక్కరలేదు.

అడ్మినిస్ట్రేటర్ ఖాతాలో ‘లోకల్ సెక్యూరిటీ పాలసీ’ తెరిచి ‘అప్లికేషన్ కంట్రోల్ పాలసీస్’ కింద ‘యాప్‌లాకర్’ను విప్పండి. ‘ఎగ్జిక్యూటబుల్’, ‘విండోస్ ఇన్‌స్టాలర్’, ‘స్క్రిప్ట్’, ‘ప్యాకేజ్డ్ యాప్’ అని నాలుగు రకాల నిబంధనలు కనిపిస్తాయి. ఒక్కొక్క దాని మీదా కుడి మీట నొక్కి ‘క్రియేట్ డిఫాల్ట్ రూల్స్’ ఎంచుకోండి. ఎగ్జిక్యూటబుల్ వరుసలో మూడు నిబంధనలు తయారవుతాయి: ‘ప్రోగ్రామ్ ఫైల్స్’ ఫోల్డర్‌లో ఉన్నవి అందరూ నడపవచ్చు, ‘విండోస్’ ఫోల్డర్‌లో ఉన్నవి అందరూ నడపవచ్చు, అడ్మినిస్ట్రేటర్ ఏదైనా నడపవచ్చు. ఆ రెండు ఫోల్డర్లలో స్టాండర్డ్ యూజర్ మామూలుగా ఏమీ రాయలేడు, కాబట్టి మన నియమం దాదాపుగా ఇక్కడే నెరవేరుతుంది. ‘ప్యాకేజ్డ్ యాప్’ వరుసను మాత్రం ఖాళీగా వదిలేయకండి. ఎగ్జిక్యూటబుల్ నిబంధనలు అమలై ప్యాకేజ్డ్ యాప్ నిబంధన ఒక్కటీ లేకపోతే ‘సెట్టింగ్స్’, ‘కాలిక్యులేటర్’ వంటి విండోస్ సొంత యాప్‌లే ఆగిపోతాయి, కంప్యూటర్ పాడైందని సిబ్బంది కంగారు పడతారు.

డిఫాల్ట్ నిబంధనలను ఉన్నవి ఉన్నట్టు ఉంచకుండా రెండు సవరణలు చేయాలి. మొదటిది విండోస్ ఇన్‌స్టాలర్ వరుసలో. డిజిటల్ సంతకం ఉన్న ఏ ఎంఎస్ఐ ఫైలునైనా అందరూ నడపవచ్చని అందులో ఒక నిబంధన పుడుతుంది. సంతకం ఉన్నంత మాత్రాన అది గ్రంథాలయంలో ఉండదగ్గది అని కాదు. ఆటల ఇన్‌స్టాలర్‌కూ సంతకం ఉంటుంది. ఆ నిబంధనను తొలగించండి. రెండోది ‘విండోస్’ ఫోల్డర్ నిబంధనలో. ఆ ఫోల్డర్ లోపల ‘టెంప్’, ‘టాస్క్స్’, ‘ట్రేసింగ్’, సిస్టమ్32 లోని ‘స్పూల్’ కింద ‘డ్రైవర్స్’ లోపలి ‘కలర్’ వంటి కొన్ని ఉపఫోల్డర్లలో సాధారణ యూజర్ కూడా ఫైలు రాయగలడు. నిబంధన ‘ప్రాపర్టీస్’లోని ‘ఎక్సెప్షన్స్’ ట్యాబ్‌లో వీటిని ఒక్కొక్కటిగా చేర్చాలి. స్క్రిప్ట్ వరుసలోని విండోస్ ఫోల్డర్ నిబంధనకు కూడా ఇవే మినహాయింపులు పెట్టాలి.

ఇప్పుడు యాప్‌లాకర్ శీర్షిక మీద కుడి మీట నొక్కి ‘ప్రాపర్టీస్’లో నాలుగు రకాలకూ ‘కాన్ఫిగర్డ్’ అని టిక్కు పెట్టి, ‘ఎన్‌ఫోర్స్ రూల్స్’ బదులు ‘ఆడిట్ ఓన్లీ’ ఎంచుకోండి. యాప్‌లాకర్ పనిచేయాలంటే ‘అప్లికేషన్ ఐడెంటిటీ’ అనే సర్వీసు ఎప్పుడూ నడుస్తూ ఉండాలి, అది మామూలుగా తనంతట తాను మొదలవదు. సర్వీసుల జాబితాలో దాన్ని ‘ఆటోమేటిక్’గా మార్చబోతే విండోస్ ఒప్పుకోదు. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, సర్వీసులను మార్చే ‘ఎస్‌సీ’ ఆదేశంలో ‘కాన్ఫిగ్’ అని, తర్వాత ఆ సర్వీసు పొట్టిపేరు ‘యాప్ఐడీఎస్‌వీసీ’ అని, చివర ‘స్టార్ట్= ఆటో’ అని ఇవ్వాలి. సమాన గుర్తు తర్వాత ఒక ఖాళీ వదలడం మరవకండి. అన్ని నిబంధనలూ రాసి, ఏదీ ఆగక, సగం రోజు తల పట్టుకున్న వారి విషయంలో చాలాసార్లు కారణం ఈ సర్వీసు నిద్రపోతూ ఉండటమే.

ఆడిట్ వారం

కనీసం ఒక వారం, వీలైతే రెండు వారాలు ‘ఆడిట్ ఓన్లీ’లోనే ఉంచండి. ఈ స్థితిలో ఏదీ ఆగదు గానీ, అమలు చేసి ఉంటే ఏది ఆగేదో నమోదవుతుంది. ‘ఈవెంట్ వ్యూయర్’లో ‘అప్లికేషన్స్ అండ్ సర్వీసెస్ లాగ్స్’, ‘మైక్రోసాఫ్ట్’, ‘విండోస్’, ‘యాప్‌లాకర్’ దాకా వెళ్లి చూడండి. ఈవెంట్ సంఖ్య 8003 అంటే అమలు చేసి ఉంటే ఆగిపోయే ప్రోగ్రామ్, 8006 అంటే అలా ఆగిపోయే స్క్రిప్ట్ లేదా ఇన్‌స్టాలర్. అమలు మొదలైన తర్వాత ఇవే 8004, 8007గా కనిపిస్తాయి.

ఆ జాబితాలో పెన్‌డ్రైవ్ ప్రోగ్రామ్‌లతో పాటు పనికివచ్చేవీ కొన్ని ఉంటాయి. అడ్మినిస్ట్రేటర్ అనుమతి లేకుండా ఇన్‌స్టాల్ చేసిన బ్రౌజర్లు, వీడియో సమావేశాల ప్రోగ్రామ్‌లు తరచూ యూజర్ ఖాతాలోని ‘యాప్‌డేటా’ ఫోల్డర్‌లో కూర్చుంటాయి. వాటికోసం ఆ ఫోల్డర్‌నే అనుమతిస్తే కట్టిన గోడకు మనమే కన్నం పెట్టినట్టు. వాటిని తీసేసి, అందరు యూజర్లకూ వర్తించే ఇన్‌స్టాలర్‌తో ‘ప్రోగ్రామ్ ఫైల్స్’లోకి మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి.

మరో చిక్కు పాత సాఫ్ట్‌వేర్‌తో వస్తుంది. పాతకాలపు తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ గానీ, ఎప్పుడో రాయించుకున్న పుస్తకాల జాబితా ప్రోగ్రామ్ గానీ ‘ప్రోగ్రామ్ ఫైల్స్’లో కాకుండా నేరుగా సీ డ్రైవ్‌లో తన సొంత ఫోల్డర్‌లో ఉండవచ్చు. ఆ ఫోల్డర్‌కు అనుమతి నిబంధన రాసి ఊరుకుంటే ప్రమాదం, ఎందుకంటే సీ డ్రైవ్‌లో నేరుగా సృష్టించిన ఫోల్డర్లలో లాగిన్ అయిన ఏ యూజర్ అయినా ఫైళ్లు రాయడానికి, మార్చడానికి విండోస్ మామూలుగా అనుమతిస్తుంది. పాఠకుడు తన ప్రోగ్రామ్‌ను తెచ్చి ఆ ఫోల్డర్‌లో వేస్తే అది నిక్షేపంగా నడుస్తుంది. ఆ ఫోల్డర్ ‘సెక్యూరిటీ’ ట్యాబ్‌లో వారసత్వంగా వచ్చిన రాసే అనుమతిని తీసివేసి, చదవడం, నడపడం మాత్రమే ఉంచిన తర్వాతే అనుమతి నిబంధన రాయాలి. అలా చేస్తే సాఫ్ట్‌వేర్ మొరాయించే పక్షంలో, ఆ ఒక్క ప్రోగ్రామ్ ఫైలుకు ‘ఫైల్ హ్యాష్’ నిబంధన రాయండి. హ్యాష్ అంటే ఫైలు వేలిముద్ర లాంటిది; ఒక్క అక్షరం మారినా సరిపోలదు, కాబట్టి ఆ ప్రోగ్రామ్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా నిబంధనను కొత్తగా రాయాలి.

జాబితా శుభ్రపడిన తర్వాత ‘ఆడిట్ ఓన్లీ’ని ‘ఎన్‌ఫోర్స్ రూల్స్’గా మార్చండి. అడ్మినిస్ట్రేటర్ ఖాతాలో కూడా కొన్ని ప్రోగ్రామ్‌లు ఆగడం చూసి ఆశ్చర్యపోకండి. ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ అని నడిపితేనే ఆ ఖాతాకు ఉన్న మినహాయింపు వర్తిస్తుంది.

యాప్‌లాకర్ పట్టని సందులు

అనుమతించిన ప్రోగ్రామ్ ఒకటి వేరే వారి సూచనలను చదివి నడిపేటప్పుడు యాప్‌లాకర్ అన్నిసార్లూ అడ్డుపడలేదు. కంప్యూటర్‌లో జావా ఉంటే పెన్‌డ్రైవ్‌లోని జార్ ఫైలు (జావా ప్రోగ్రామ్) దాని ద్వారా నడుస్తుంది, పైథాన్ ఉన్నా అంతే. పాఠకుల కంప్యూటర్లలో ఈ రెండూ అవసరం లేకపోతే తీసేయండి. వర్డ్, ఎక్సెల్ ఫైళ్లలో ఉండే చిన్న ప్రోగ్రామ్‌లైన మాక్రోలు కూడా ఈ కోవలోవే. ఆఫీస్ ‘ట్రస్ట్ సెంటర్’లో మాక్రోలన్నిటినీ నోటిఫికేషన్ లేకుండా ఆపేయండి, లిబ్రె ఆఫీస్ వాడేవారు మాక్రో భద్రతను ‘వెరీ హై’లో పెట్టండి. వెబ్ పేజీలా రాసిన ప్రోగ్రామ్‌లైన హెచ్‌టీఏ ఫైళ్లను నడిపే ‘ఎంఎస్‌హెచ్‌టీఏ’ అనే విండోస్ ప్రోగ్రామ్‌తో పాఠకులకు పనేమీ ఉండదు గనుక, పాఠకుడి ఖాతాకు దాని మీద ‘డినై’ నిబంధన రాయడం మంచిది. ఈ నిబంధనను ‘ఎవ్రీవన్’కు రాయకండి, యాప్‌లాకర్‌లో నిషేధం ఎప్పుడూ అనుమతిని మించుతుంది.

చూడటానికి పెన్‌డ్రైవ్‌లా ఉండి, కంప్యూటర్‌కు మాత్రం తాను కీబోర్డునని చెప్పుకునే పరికరాలు మరో రకం. 2014లో జర్మనీకి చెందిన పరిశోధకులు పెన్‌డ్రైవ్ లోపల దాన్ని నడిపే ఫర్మ్‌వేర్ అనే సాఫ్ట్‌వేర్‌ను మార్చి ఇలా చేయవచ్చని ‘బ్యాడ్‌యూఎస్‌బీ’ పేరుతో చూపించారు. అలాంటిది పెట్టగానే మనిషి టైపు చేసినట్టే ఆదేశాలు టైపు చేస్తుంది, దానిలో స్కాన్ చేయడానికి ఫైలేమీ ఉండదు. అయితే అది టైపు చేసేది కూడా స్టాండర్డ్ ఖాతాలోనే, యాప్‌లాకర్ నిబంధనల లోపలే. స్క్రిప్ట్ నిబంధనలు అమల్లో ఉన్నప్పుడు ఆదేశాలు నడిపే పవర్‌షెల్ కూడా పరిమిత స్థితిలో నడుస్తుంది. ‘యూజర్ కాన్ఫిగరేషన్’లో కమాండ్ ప్రాంప్ట్‌ను ఆపే పాలసీని కూడా పాఠకుడి ఖాతాకు జోడించవచ్చు. ఒక జిల్లా గ్రంథాలయానికి ఇంతకు మించిన జాగ్రత్త అవసరం లేదని నా అభిప్రాయం. పోర్టులు కౌంటర్‌లో కూర్చున్నవారి కంటికి కనిపించేలా బల్లలు తిప్పి వేయడం మాత్రం ఖర్చు లేని ఉపాయం.

ఆరో అడుగు: రోజూ కొత్తగా లేచే కంప్యూటర్

ఇన్ని చేసినా డెస్క్‌టాప్ నిండా అపరిచితుల ఆధార్ ప్రతులు, మార్కుల జాబితాలు పోగుపడతాయి. రీస్టార్ట్ చేయగానే కంప్యూటర్ నిర్ణీత స్థితికి తిరిగి వచ్చే ఏర్పాటు ఉంటే ఆ బెడద తీరుతుంది. గ్రంథాలయాలను, ఇంటర్నెట్ కేంద్రాలను దృష్టిలో పెట్టుకునే మైక్రోసాఫ్ట్ ఒకప్పుడు ‘స్టెడీస్టేట్’ అనే ఉచిత ఉపకరణం ఇచ్చేది, 2010 చివరితో దాన్ని ఆపేసింది. ఇప్పుడు విండోస్ ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ ఎడిషన్లలో ‘యూనిఫైడ్ రైట్ ఫిల్టర్’ ఉంది, మిగతా వాటికి ‘డీప్ ఫ్రీజ్’ వంటి కొనుక్కునే సాఫ్ట్‌వేర్ ఉంది. ఇది పైఅడుగులకు ప్రత్యామ్నాయం కాదు: రీస్టార్ట్ అయ్యేలోగా వైరస్ పది పెన్‌డ్రైవ్‌లకు అంటుకోవచ్చు. మరో జాగ్రత్త, అప్‌డేట్ల కోసం నెలకొకసారైనా ఈ ఏర్పాటును తాత్కాలికంగా విప్పకపోతే ఆ అప్‌డేట్లు కూడా రీస్టార్ట్‌తో పాటు చెరిగిపోతాయి.

లినక్స్ వాడే చోట

లినక్స్‌లో ఇదే నియమాన్ని డ్రైవ్‌ను సిస్టమ్‌కు జోడించేటప్పుడు (మౌంట్ చేసేటప్పుడు) ఇచ్చే ‘నోఎగ్జెక్’ అనే ఎంపిక అమలు చేస్తుంది. పెన్‌డ్రైవ్‌లను మౌంట్ చేసే ‘యూడిస్క్స్2’ సెట్టింగ్స్‌లో దాన్ని డిఫాల్ట్‌గా పెట్టి, పాఠకుల హోమ్ ఫోల్డర్‌ను విడి పార్టిషన్‌గా చేసి దానికీ, తాత్కాలిక ఫోల్డర్లకూ అదే ఎంపిక ఇస్తే సరిపోతుంది. స్క్రిప్ట్‌లను వాటిని నడిపే ఇంటర్‌ప్రిటర్ ప్రోగ్రామ్‌కు నేరుగా అందించే దారి ఇక్కడా తెరిచే ఉంటుంది, కానీ జిరాక్స్ షాపు పెన్‌డ్రైవ్‌లలో తిరిగే వైరస్‌లు దాదాపుగా విండోస్ కోసం రాసినవే. బ్రౌజర్, పీడీఎఫ్, ప్రింటు తప్ప వేరే పనిలేని కంప్యూటర్లను, ముఖ్యంగా కొత్త విండోస్‌ను మోయలేని పాత యంత్రాలను లినక్స్‌కు మార్చడమే నా సలహా.

పరీక్ష, కౌంటర్ దగ్గరి పని

పాఠకుడి ఖాతాలో లాగిన్ అయి పరీక్షా పెన్‌డ్రైవ్ పెట్టండి. ప్రోగ్రామ్, బ్యాచ్ ఫైలు, స్క్రిప్ట్, ఇన్‌స్టాలర్, షార్ట్‌కట్ ఒక్కొక్కటీ పెన్‌డ్రైవ్ నుంచి, తర్వాత డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్, పబ్లిక్ ఫోల్డర్, డీ డ్రైవ్, సీ డ్రైవ్‌లో కొత్తగా సృష్టించిన ఫోల్డర్, విండోస్ లోపలి టెంప్ ఫోల్డర్ నుంచి నడిపి చూడండి. జిప్ ఫైలు లోపలి నుంచి నేరుగా కూడా ప్రయత్నించండి. ప్రతిచోటా అడ్డుకున్నట్టు సందేశం రావాలి, పీడీఎఫ్, ఫొటో, వర్డ్ ఫైళ్లు మాత్రం తెరుచుకుని ప్రింటు కావాలి. అన్నీ సరిపోతే యాప్‌లాకర్‌లో ‘ఎక్స్‌పోర్ట్ పాలసీ’తో నిబంధనలను ఫైలుగా తీసుకుని మిగతా కంప్యూటర్లలో ‘ఇంపోర్ట్’ చేయండి. ఖాతాలు, బయోస్, గ్రూప్ పాలసీ, సర్వీసు అడుగులు మాత్రం ప్రతి యంత్రం మీదా విడిగా చేయవలసిందే. పాఠకుడి ఖాతాకు రాసిన ‘డినై’ నిబంధనను కూడా ప్రతిచోటా ఆ యంత్రంలోని ఖాతాను ఎంచుకుని మళ్లీ రాయాలి.

ఇక మొదట చెప్పిన అభ్యర్థి ఇప్పుడు కౌంటర్ దగ్గరికి వచ్చి “సార్, నా ఫోల్డర్లు తెరుచుకోవడం లేదు, మీ కంప్యూటర్‌లో ఏదో తేడా ఉంది” అంటాడు. ఆయన ఫైళ్లు ఎక్కడికీ పోలేదు. సిబ్బంది కంప్యూటర్‌లో, దానికీ ఇవే నిబంధనలు పెట్టి, ‘ఫోల్డర్ ఆప్షన్స్’లో దాచిన ఫైళ్లను చూపించమని చెప్పి, ‘హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్’ టిక్కు తీసేస్తే అసలు ఫోల్డర్లు వెలిసిపోయిన రంగులో బయటపడతాయి. బాణం ఉన్న షార్ట్‌కట్‌లను, దాగి ఉన్న స్క్రిప్ట్‌ను తొలగించి, విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్‌తో పెన్‌డ్రైవ్ మొత్తం స్కాన్ చేసి, ‘యాట్రిబ్’ ఆదేశంతో ఫోల్డర్లకు హిడెన్, సిస్టమ్ లక్షణాలు తీసేసి ఇవ్వండి. ఐదు నిమిషాలు పడుతుంది. వరుస మరీ పొడవుగా ఉన్న రోజున ఆ స్థితిలోనే ఆయనకు కావలసిన పీడీఎఫ్ తెరిచి ప్రింటు ఇచ్చి, శుభ్రం చేయడం తర్వాత చూసుకోవచ్చు.

కంప్యూటర్ల పైన గోడ మీద పెద్ద అక్షరాలతో ఒక కాగితం అంటించండి: “పెన్‌డ్రైవ్‌లోని ఫైళ్లు ఇక్కడ తెరుచుకుంటాయి, ప్రింటు అవుతాయి. ప్రోగ్రామ్‌లు నడవవు. మీ ఫోల్డర్ మీద బాణం గుర్తు కనిపిస్తే నొక్కకుండా కౌంటర్‌కు తీసుకురండి.” పరీక్షా పెన్‌డ్రైవ్‌ను కౌంటర్ సొరుగులో ఉంచి, విండోస్ పెద్ద అప్‌డేట్ పడిన ప్రతిసారీ, కొత్త సాఫ్ట్‌వేర్ చేర్చిన ప్రతిసారీ ఈ పరీక్ష మళ్లీ చేసి, తేదీని, ఏ కంప్యూటర్‌లో ఏది ఆగలేదో దాన్నీ రిజిస్టర్‌లో రాసుకోండి.